మీకు తెలుసా? గళ్ళలో ఒదిగిన నాయికలు

ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ పూరించే అలవాటున్న వాళ్ళకు ఎమ్మా, నోరా, ఆడా, ఓలాన్ అనే పేర్లు కొట్టిన పిండి. ఆ పేర్లున్న నవలలూ నాటకాలూ చదవకపోయినా పేర్లు మాత్రం చేతికి టక్కున వచ్చేస్తాయి. సాహిత్యంలో పేరుపడ్డ నాయికల్లో కొందరికి ఈ గళ్ళలో నిత్యం చోటు దొరుకుతుంది. కొందరు ఎంత గొప్పవాళ్ళయినా ఎప్పుడో గాని కనిపించరు. దానికి కారణాలేమిటో, ఆ పేర్ల వెనక ఎలాంటి కథలున్నాయో చూద్దాం. మన తెలుగు గళ్ళనుడికట్టులో నాయికల సంగతులు కూడా చివర్లో ఉన్నాయి.

1. క్రాస్‌వర్డ్ పుట్టిన తేదీ, నోరా గడప దాటిన తేదీ ఒకటే

లివర్‌పూల్ నుంచి అమెరికా వెళ్ళిన ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు కూర్చిన తొలి క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వచ్చింది. గళ్ళు వజ్రం ఆకారంలో ఉన్నాయి. దానికి ఆయన పెట్టిన పేరు ‘వర్డ్-క్రాస్’. సరిగ్గా 34 ఏళ్ళ ముందు, 1879 డిసెంబరు 21న, కోపెన్‌హాగెన్‌లోని రాయల్ థియేటర్‌లో ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’ తొలిసారి ఆడారు. భర్తనూ పిల్లలనూ ఇంటినీ వదిలి తలుపు మూసి వెళ్ళిపోయిన నోరా ఆ రాత్రే ప్రేక్షకుల ముందుకు వచ్చింది. ఆ తర్వాత ఈ నోరా క్రాస్‌వర్డ్‌కు అత్యంత ఇష్టమైన నాయికల్లో ఒకరైంది. అన్నట్టు, బెర్నార్డ్ షా సృష్టించిన ఎలైజా డూలిటిల్ కూడా 1913లోనే, వియన్నా రంగస్థలం మీద, తొలిసారి కనిపించింది. ఆమె పేరు కూడా గళ్ళకు బాగా అచ్చొచ్చింది.

2. నాయికను ఎంచేది కీర్తి కాదు, అచ్చులు

అమెరికన్ క్రాస్‌వర్డ్‌లో ప్రతి గడీ అడ్డంగా ఒక పదానికి, నిలువుగా ఇంకో పదానికి చెందాలి. అంటే ప్రతి అక్షరం రెండు కొలువులు చెయ్యాలి. హల్లులు గుంపుగా వచ్చే పేరు పెడితే నిలువు పదాలు కుదరవు. అచ్చూ హల్లూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చే పొట్టి పేరైతే కూర్పరికి పని తేలిక. అందుకే ఎమ్మా, ఆనా, నోరా, ఈవా, ఊనా, ఐడా లాంటి పేర్లకు అంత గిరాకీ. ‘ద స్కార్లెట్ లెటర్’ నాయిక హెస్టర్ ప్రిన్ ఇంటిపేరు చూడండి: పి, ఆర్, వై, ఎన్, ఎన్, ఇ. అమెరికా సాహిత్యంలో ఆమె స్థానం ఎంత పెద్దదైనా, ఆ ఆరు అక్షరాలకు నిలువు పదాలు అతికించడం కష్టం. మన సీత ఇంగ్లీషు గళ్ళలో నాలుగక్షరాల జవాబుగా తేలిగ్గా ఇమిడిపోవడానికీ ఈ అచ్చుల అమరికే కారణం.

3. ఎమ్మా అంటే ఇద్దరు

జేన్ ఆస్టిన్ నవలలోని ఎమ్మా వుడ్‌హౌస్ ఒకరు, ఫ్లోబేర్ నవలలోని ఎమ్మా బొవరీ ఇంకొకరు. మొదటి ఆమె ఇతరులకు పెళ్ళిళ్ళు కుదర్చాలని తాపత్రయపడి తన మనసునే తెలుసుకోలేకపోతుంది. రెండో ఆమె నవలల్లో చదివిన ప్రేమలను బతుకులో వెతుక్కుని అప్పుల్లో కూరుకుపోయి విషం మింగుతుంది. ‘మదామ్ బొవరీ’ రాసినందుకు 1857లో ఫ్లోబేర్ కోర్టు మెట్లెక్కి నిర్దోషిగా బయటపడ్డారు. ఇంత దూరంగా ఉన్న రెండు జీవితాలకు గళ్ళలో ఒకే నాలుగక్షరాల జవాబు. ఆధారంలో ఆస్టిన్ ఉన్నారా, ఫ్లోబేర్ ఉన్నారా అన్నదే తేడా.

4. ఎమ్మా పేరు క్రాస్‌వర్డ్ పుట్టక ముందే పొడుపుకథ అయింది

ఇది అన్నింటికన్నా అపురూపమైన సంగతి. ‘ఎమ్మా’ 1815 డిసెంబరులో వెలువడింది. ఆ నవలలో బాక్స్ హిల్ అనే కొండ మీదికి అందరూ వనభోజనానికి వెళ్ళే ఘట్టం ఉంది. అక్కడ వెస్టన్ అనే పెద్దమనిషి ఒక పొడుపు విసురుతాడు: పరిపూర్ణతను తెలిపే రెండు ఇంగ్లీషు అక్షరాలేవి? జవాబు ఎమ్, ఏ. రెండూ కలిపి పలికితే ఎమ్మా! నాయిక పేరే జవాబుగా వచ్చే పొడుపును రచయిత్రి నవలలోనే పెట్టారన్నమాట, అదీ తొలి క్రాస్‌వర్డ్‌కు దాదాపు నూరేళ్ళ ముందు.

ఆ పొడుపు వచ్చిన సమయం గమనించండి. అంతకు కొద్ది నిమిషాల ముందే ఎమ్మా, చేతిలో డబ్బు లేని, నోరు విప్పితే ఆపలేని మిస్ బేట్స్‌ను అందరి ముందూ ఎగతాళి చేసింది. నవల మొత్తంలో ఆమె ప్రవర్తన దిగజారింది అక్కడే. సరిగ్గా అప్పుడు ఆమెను పరిపూర్ణురాలని మెచ్చుకునే పొడుపు! దాన్ని విని ఎమ్మా కుటుంబ స్నేహితుడు నైట్లీ పెట్టే ముఖం, ఆ తర్వాత ఆయన ఎమ్మాను మందలించే తీరు నవలకు మలుపు. ఇదే నవల మొదటి భాగంలో ఎల్టన్ అనే పాదిరి ఇచ్చిన పదాల పొడుపును ఎమ్మా చిటికెలో విప్పుతుంది. అయితే అది ఎవరిని ఉద్దేశించిందో మాత్రం పొరపాటు పడుతుంది. పొడుపు విప్పడం వేరు, మనుషులను అర్థం చేసుకోవడం వేరు అని ఆస్టిన్ చేసి చూపించారు.

5. జోకు ప్రవేశం లేదు

లూయిసా మే ఆల్కాట్ ‘లిటిల్ విమెన్’ మొదటి భాగం 1868లో, రెండో భాగం 1869లో వచ్చాయి. మెగ్, జో, బెత్, ఏమీ అనే నలుగురు అక్కచెల్లెళ్ళ కథ. వీరిలో మెగ్, ఏమీ మూడక్షరాల జవాబులుగా, బెత్ నాలుగక్షరాల జవాబుగా తరచూ వస్తారు. నవలకు ప్రాణమైన జో మాత్రం అమెరికన్ గళ్ళలో ఒంటరిగా జవాబు కాలేదు. అక్కడ మూడక్షరాలకు తక్కువ పదం పెట్టకూడదన్నది నియమం, ఆమె పేరులో ఉన్నవి రెండే. జుట్టు కోయించుకుని అమ్మి ఇంటికి డబ్బు తెచ్చిన, అటక మీద కూర్చుని కథలు రాసిన జోకు మిగిలిన దారి, ఇంటిపేరుతో కలిపి రావడమే. లేదంటే చెల్లెళ్ళ ఆధారంలో ‘జో చెల్లెలు’ అని కనిపించడం.

6. గడి వెడల్పంతా ఆక్రమించే ఇద్దరు

‘న్యూయార్క్ టైమ్స్’ 1924లో క్రాస్‌వర్డ్ పిచ్చిని తప్పుబట్టింది, 1942 ఫిబ్రవరి 15న తానే మొదలుపెట్టింది. ఆ పత్రిక రోజువారీ గడి అడ్డంగా 15, నిలువుగా 15. ఇప్పుడు ఎలిజబెత్ బెనెట్ పేరును ఇంగ్లీషులో లెక్కపెట్టండి: తొమ్మిది, ఆరు, మొత్తం 15. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నాయిక ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్క గడి మిగలకుండా సరిపోతుంది. థామస్ హార్డీ నాయిక టెస్ డర్బీఫీల్డ్ పేరు కూడా అంతే: నాలుగు, పదకొండు, మొత్తం 15.

ఇంకో నియమం ఉంది. గడిని తలకిందులు చేసినా నల్ల గళ్ళు అవే చోట్ల ఉండాలి. కాబట్టి పైన 15 అక్షరాల పదం పెడితే కింద దానికి జతగా మరో 15 అక్షరాల పదం ఉండాలి. పైన ఎలిజబెత్, కింద టెస్ అని పెడితే లెక్క చక్కగా కుదురుతుంది. ఇలా జతపడే పేర్లు ఇంకా ఉన్నాయి. స్కార్లెట్ ఓహారా 13, ఎమ్మా వుడ్‌హౌస్ 13. ఎమ్మా బొవరీ 10, ‘వానిటీ ఫెయిర్’ నాయిక బెకీ షార్ప్ 10. హెస్టర్ ప్రిన్ 12, ఆనా కరేనినా 12. ఈ చివరి జతలో ఇద్దరూ వివాహబంధం దాటి ప్రేమించి, సమాజం వేసిన శిక్ష అనుభవించిన వాళ్ళే.

7. ఓలాన్: మాట తక్కువ, రాక ఎక్కువ

పెర్ల్ బక్ నవల ‘ద గుడ్ ఎర్త్’ 1931లో వచ్చింది. 1932లో పులిట్జర్, 1938లో రచయిత్రికి నోబెల్. అందులో రైతు వాంగ్ లుంగ్ భార్య పేరు ఓలాన్. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు, అందులో రెండు అచ్చులు. దాంతో దశాబ్దాలుగా ఆమె కూర్పరుల పాలిటి ఆపద్బాంధవి అయింది.

ఆమె కథ తెలుసుకుంటే మనసు బరువెక్కుతుంది. ధనవంతుల ఇంట్లో వంటింటి దాసిగా పెరిగిన అమ్మాయి. పెళ్ళయ్యాక భర్తతో సమానంగా పొలంలో వంగి పనిచేస్తుంది. ఎవరి సాయమూ లేకుండా బిడ్డను కని, మళ్ళీ పొలానికి వస్తుంది. కరువులో కుటుంబాన్ని దాటించేది ఆమె తెగువే. నగరంలో అల్లర్లప్పుడు గోడలో దాచిన నగలను కనిపెట్టేదీ ఆమే. ఆ నగలతోనే భర్త భూములు కొంటాడు. వాటిలో రెండే రెండు ముత్యాలు తనకు ఉంచమని అడుగుతుంది. ఆ తర్వాత భర్త ఆ రెండు ముత్యాలూ తీసుకుపోయి తాను మనసుపడిన లోటస్‌కు ఇచ్చేస్తాడు. ఓలాన్ పెద్దగా ఏమీ అనదు. 1937 చిత్రంలో ఈ పాత్ర వేసిన లూయీజ్ రైనర్‌కు ఉత్తమ నటిగా ఆస్కార్ దక్కింది. ‘వాంగ్ లుంగ్ భార్య’ అన్న ఆధారానికి ఆమె పేరు నింపేవాళ్ళు ఆ రెండు ముత్యాల పుటలు తప్పక చదవాలి.

8. గళ్ళు కూర్చిన నవలాకారుడు గళ్ళకిచ్చిన కానుక

వ్లదీమిర్ నబోకోవ్ 1920ల్లో బెర్లిన్‌లో ప్రవాసిగా ఉన్నప్పుడు రష్యన్ పత్రికకు క్రాస్‌వర్డులు కూర్చేవారు. ఆ ఆటకు రష్యన్‌లో ‘క్రెస్తోస్లోవిత్స’ అని పేరు పెట్టింది తానేనని ఆత్మకథలో రాసుకున్నారు. చదరంగం సమస్యలు కట్టడంలోనూ ఆయన దిట్ట. అలాంటి రచయిత 1969లో వెలువరించిన పెద్ద నవల పేరు ‘ఆడా’, నాయిక పేరూ అదే. మూడక్షరాలు, రెండు అచ్చులు, ఎటు నుంచి చదివినా ఒకటే. ఇంతకన్నా గడికి అనువైన పేరు దొరకడం కష్టం.

9. దాక్కున్న నాయికలు

బ్రిటన్‌లో 1920ల్లో ఎడ్వర్డ్ పావిస్ మేథర్స్ ‘టార్కెమాడా’ అనే కలం పేరుతో గూఢమైన ఆధారాల పద్ధతికి ఊపు తెచ్చారు. ఈ పద్ధతిలో నాయికలు వేరే మాటల్లో దాక్కుంటారు. ‘డైలెమా’ అన్న ఇంగ్లీషు మాటలో చివరి నాలుగక్షరాలు చూడండి, ఎమ్మా! ‘కౌంటెస్’ చివర్లో టెస్ ఉంది. 1891లో వచ్చిన నవలలో టెస్ కష్టాలన్నీ మొదలయ్యేది తమది పాత కులీన వంశమని తండ్రికి తెలిసిన రోజునే కాబట్టి ఈ దాగుడు ఆమెకు బాగా నప్పింది. మెగ్‌ను తిరగేస్తే ‘జెమ్’, అంటే రత్నం. ఆలిస్ అక్షరాలు కలగాపులగం చేస్తే షేక్‌స్పియర్ నాయిక సీలియా వస్తుంది. ‘ట్వెల్ఫ్త్ నైట్’లో వయోలా పేరుకు ఒక్క ‘ఐ’ అక్షరం చేర్చి కలిపితే అదే నాటకంలోని ఒలీవియా తయారవుతుంది.

10. హీరో ఒక ఆడపిల్ల

‘మచ్ అడో అబౌట్ నథింగ్’ నాటకంలో గవర్నరు కూతురి పేరు హీరో. పెళ్ళిపీటల దగ్గర ఆమె మీద నింద మోపుతారు, చివరికి ఆమె నిర్దోషి అని తేలుతుంది. గ్రీకు గాథలో లియాండర్ ప్రేయసి పేరు కూడా హీరోనే. ఆమెను కలవడానికి అతను రోజూ రాత్రి జలసంధి ఈదేవాడు. గూఢ ఆధారాలు రాసేవాళ్ళకు ఈ పేరు ఎంత ఉపయోగమో వేరే చెప్పాలా?

11. మరుపు నుంచి కాపాడిన పేర్లు

ఎడ్మండ్ స్పెన్సర్ ‘ద ఫెయిరీ క్వీన్’ తొలి భాగాలు 1590లో వచ్చాయి. మొదటి కాండ నాయిక ఊనా సత్యానికి ప్రతిరూపం, ఆమెకు తోడుగా సింహం నడుస్తుంది. ఈ కావ్యాన్ని పూర్తిగా చదివేవాళ్ళు నేడు అరుదు, గళ్ళలో మాత్రం ఊనా కనిపిస్తూనే ఉంది. ఆర్థర్ రాజు గాథల్లోని ఈనిడ్ సంగతీ అంతే. అనుమానంతో భర్త ఆమెను నోరు మెదపవద్దని ఆజ్ఞాపిస్తాడు. దారిలో దొంగలు పొంచి ఉంటే, ఆజ్ఞ మీరి మాట్లాడి భర్త ప్రాణం కాపాడుతుంది. టెన్నిసన్ ఆమె కథను కావ్యంగా మలిచారు.

12. ఆలిస్ పేరు పద్యపాదాల మొదట్లో

లూయిస్ కారల్ 1865లో ఆలిస్‌ను అద్భుతలోకానికి పంపారు. రెండో పుస్తకం చివరి పద్యంలో 21 పాదాలు. ఒక్కో పాదం మొదటి అక్షరం వరసగా పేర్చితే ఆలిస్ ప్లెజెన్స్ లిడెల్ అన్న 21 అక్షరాల పేరు వస్తుంది. కథలకు ప్రేరణగా నిలిచిన పాప అసలు పేరది. ఒక్కో అక్షరం మారుస్తూ ఒక మాట నుంచి ఇంకో మాటకు వెళ్ళే ‘డబ్లెట్స్’ ఆటను 1879లో పత్రికాముఖంగా పాఠకులకు పరిచయం చేసిందీ ఆయనే.

13. తెలుగు గడిలో శకుంతలకు నాలుగే గళ్ళు

ఇంగ్లీషులో శకుంతల రాయాలంటే పది గళ్ళు. తెలుగులో శ, కుం, త, ల: నాలుగు చాలు. మన గడిలో గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసి ఒకే అక్షరం. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు సరదా పడి గళ్ళనుడికట్లు కూర్చారంటే మన లిపికి ఈ ఆట ఎంత అనువైందో తెలుస్తుంది. ఇప్పుడు శకుంతల చివరి రెండు గళ్ళు తిరగేయండి: లత. కాళిదాసు నాటకంలో శకుంతల వనజ్యోత్స్న అనే పూలతీగను తోబుట్టువులా ప్రేమిస్తుంది, అత్తవారింటికి బయల్దేరేటప్పుడు దాని దగ్గర సెలవు తీసుకుంటుంది. ఆమె పేరులోనే తీగ తిరగబడి ఉండటం కూర్పరికి దొరికిన వరం.

14. ద్రౌపది కష్టం, కృష్ణ సుఖం

ద్రౌపది పేరు మూడు గళ్ళే. అయితే ‘ద్రౌ’తో నిలువుగా ఏ పదం పెడతారు? అశ్వత్థామకు మరో పేరైన ‘ద్రౌణి’ గుర్తురావాలి, లేదంటే ఆ గడిని నిలువు పదం లేకుండా వదిలేయాలి. అదృష్టం కొద్దీ ఆమెకు పాంచాలి, యాజ్ఞసేని, కృష్ణ అనే పేర్లూ ఉన్నాయి. ‘పాండవుల ఇల్లాలు’ అని ఆధారమిచ్చి రెండు గళ్ళు చూపిస్తే, కృష్ణ అని తట్టడానికి చాలామందికి కాసేపు పడుతుంది.

15. ఎంకికి ఉన్న హక్కు జోకు లేదు

తెలుగు గళ్ళనుడికట్టులో రెండక్షరాల జవాబులు మామూలే. అందుకే నండూరి సుబ్బారావు గారి ఎంకి ఎం, కి అని రెండు గళ్ళలో హాయిగా ఒదుగుతుంది. అమెరికాలో జోకు తెరుచుకోని తలుపు మన ఎంకికి బార్లా తెరిచే ఉంది.

16. మధురవాణిలో మీనాక్షి ఊరు

గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది, బాగా పెంచి మార్చిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఆ పెంపులో ఎక్కువ లాభపడిన పాత్ర మధురవాణి. ఆమెది అయిదు గళ్ళ పేరు. ఇలా ఆధారం రాయవచ్చు: ‘మీనాక్షి ఊరూ సరస్వతీ కలిస్తే సౌజన్యారావు గారిని కదిలించిన మనిషి’. మధుర, వాణి. ఇందులో ఇంకో మెలిక, అదే నాటకంలో లుబ్ధావధాన్లు కూతురి పేరు కూడా మీనాక్షే. ఆధారం చూడగానే మధుర గుడి గుర్తొస్తుందా, లుబ్ధావధాన్ల ఇల్లు గుర్తొస్తుందా అన్నది పాఠకుడి చదువును బట్టి ఉంటుంది.

ఇన్ని సంగతులు చూశాక ఒక మాట గట్టిగా చెప్పాలి. గడిలో చోటు దక్కడం అచ్చుల చలవ, అక్షరాల లెక్క. దానికీ ఆ స్త్రీల జీవితాల గొప్పతనానికీ సంబంధం లేదు. అయినా ఆ గళ్ళే ఊనాను, ఈనిడ్‌ను, ఓలాన్‌ను మరుపున పడకుండా కాపాడుతున్నాయి. మన పత్రికల్లో గళ్ళు కూర్చేవాళ్ళకు ఒక మనవి: సీత, సావిత్రి, దమయంతులతో పాటు కలభాషిణికీ, బుచ్చమ్మకూ, చలం గారి రాజేశ్వరికీ కూడా చోటివ్వండి. పూరించేవాళ్ళకు ఇంకో మనవి: ఈ వారం మీరు నింపిన గళ్ళలో పేరు మాత్రమే తెలిసిన నాయిక ఎవరైనా తగిలితే, ఆమె ఉన్న పుస్తకం సంపాదించి చదవండి. మొదలుపెట్టడానికి ఓలాన్ మంచి ఎంపిక.